సముద్రంలో వేసిన ఇనుము

నాన్నా, నాను నిన్ననే ఓడ దిగి విశాఖపట్నం వచ్చీసేను, ఒంట్లో బాగుంది. ఫోన్లో నీకు సరిగ్గా వినబడదని కార్డు రాస్తన్నాను.

"నీ కూతురు సముద్రంలో ఏటి కలిపీసింది? సేపలు సచ్చిపోతే నానేటి అమ్ముకోవాలి?" అని సన్యాసమ్మత్త నీతో మాట మానీసిందట. ఆవిడ భయం ఆవిడది. మేం కలిపింది విషం కాదు, కాస్త ఇనుము. అదీ మన తీరాన కాదు, దక్షిణాన మంచుకొండలు తేలే సముద్రంలో. అక్కడి నీళ్లలో ఇనుము తక్కువ. పొలానికి ఎరువేసినట్టు వేస్తే, కంటికి ఆనని నాచు పెరిగి, గాలిలో వేడి పెంచే కార్బన్‌ని పీల్చుకుని అడుక్కి దిగిపోతాదని మా పరిశోధన నడిపించే ఇంద్రజ మేడమ్ ఆశ.

నీళ్లు పచ్చబడ్డాయి. అందరం చప్పట్లు కొట్టేం. అంతలోనే చిన్న రొయ్యల్లాంటి పురుగులు మందలుగా వచ్చి నాచంతా మేసీసేయి. అడుక్కి దిగింది బాగా తక్కువ. మేడమ్ ఆ పూట అన్నం ముట్టలేదు. జాలేసి, "రిపోర్టులో కొంచెం బాగా రాద్దాం మేడమ్" అన్నాను.

"జరిగిందే రాయి హేమా. అబద్ధం రాస్తే రేపెవరో నమ్మి ఓడలకొద్దీ ఇనుము పోసేస్తారు" అన్నారు. అలాగే రాసేను.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? తైలం అయిపోతే చెప్పు, తెస్తాను. ఈ కార్డు అత్తకి చదివి వినిపించు. అప్పటికీ నమ్మకపోతే ఆదివారం నానే వచ్చి ఆవిడ గంప పక్కన కూర్చుంటాను. ఎంతసేపు తిట్టినా లేవను.

మీ ఇద్దరికీ దండాలతో,
హేమశ్రీ