నున్నటి హిమాలయం

ప్రియమైన అన్నయ్యకి,

ఫోన్ చేస్తే "షాట్ రెడీ" అని పెట్టేస్తావు. ఉత్తరాన్ని అలా పెట్టెయ్యలేవుగా, అందుకే రాస్తున్నాను.

నేను పాఠం చెప్పే ఏడో తరగతిలో ప్రణతి అని ఒక పిల్ల ఉంది. పుట్టుకతోనే చూపు లేదు, కానీ చెప్పింది చెప్పినట్టు పట్టేస్తుంది. ఇప్పుడు భూమి పలకల పాఠం వచ్చింది. భూమి పైపొర ఒక్క ముక్క కాదు, పెద్ద పెద్ద పలకలుగా పగిలి ఉంది, అవి గోరు పెరిగినంత నెమ్మదిగా కదులుతుంటాయి, మన దేశమున్న పలక వెళ్ళి ఆసియాని నెడితే మధ్యలో నేల ముడతలు పడి హిమాలయాలు లేచాయి అని చెప్పాను. "ముడత ఎలా లేస్తుంది టీచర్?" అంది. పుస్తకంలో బొమ్మ ఉంది. దానికేం లాభం?

నువ్వు సినిమాలకి కొండలూ కోటలూ చేస్తావుగా. దాని వేళ్ళకి అందే భూమి ఒకటి చేసిపెట్టు. వీలైతే నువ్వే తీసుకురా.

నీ చెల్లెలు,
శాంత

*

చెల్లెమ్మ శాంతకి,

మన ఊరి బళ్ళో భూమి గుండ్రంగా ఉంటుందని చెప్పిన మేష్టారే నాకు మార్కులు కూడా గుండ్రంగా వేశారు. అలాంటివాడి చేత భూమిని చేయిస్తున్నావు. నీ ధైర్యం గొప్పదే.

చేసేశాను. ఫిల్మ్‌నగర్‌లో మా షెడ్డులోనే, నాలుగడుగుల చెక్క మీద ప్లాస్టర్ పోసి, చంటి చేత రంగులు వేయించాను. చంటి అంటే మా పెయింటరు. వాడు గోడ మీద గుమ్మం వేస్తే ఒకసారి ప్రొడ్యూసరు గారు తలుపు తియ్యబోయారు. హిమాలయాల మీద మంచు, లోయల్లో నీడ, పలకల అంచులకి నల్లగీత. నిన్న హీరో గారు దాని పక్కన సెల్ఫీ తీసుకున్నారు. భూమికి అంతకంటే ఏం కావాలి!

రావాలనే ఉంది గానీ సెట్టు పని కదలనివ్వట్లేదు. పార్సిల్ లారీలో పంపుతున్నాను. ఆ పిల్ల ఏమందో రాయి.

మీ అన్నయ్య,
సుబ్రహ్మణ్యం

*

అన్నయ్యా,

బొమ్మ చేరింది. క్లాసంతా చప్పట్లు కొట్టారు. ప్రణతిని ముందుకు పిలిచి, చెయ్యి పట్టుకుని, "ఇదిగో హిమాలయాలు" అని పెట్టాను. అటు తడిమింది, ఇటు తడిమింది. "ఎక్కడ టీచర్?" అంది.

అప్పుడు నేనూ కళ్ళు మూసుకుని తడిమాను. ఎత్తంతా రంగులోనే ఉంది అన్నయ్యా. చేతికి అలికిన అరుగులా నున్నగా ఉంది. పలకల మధ్య గీత వేలికి తగలనే లేదు.

నన్ను నొప్పించడం ఇష్టంలేక "బాగుంది టీచర్" అని వెళ్ళి కూర్చుంది.

శాంత

*

శాంతా,

నీ ఉత్తరం చదివాక చంటితో మాట్లాడడం మానేశాను. పాపం, వాడేం చేశాడు? నేను ఇన్నేళ్ళూ కెమెరాకే చేశాను. కెమెరాకి చేతుల్లేవు. వేలెడెత్తు గుట్టకి నీడ వేస్తే చాలు, దానికి కొండైపోతుంది. చూపులేని పిల్లకని నువ్వు స్పష్టంగానే రాశావు. నేను చదివాను కూడా. చేతులు మాత్రం అలవాటైన పని చేసుకుపోయాయి.

రెండోది మొదలెట్టాను. కళ్ళకి తువ్వాలు కట్టుకుని చేస్తున్నాను. సుత్తి నా బొటనవేలిని బాగా గుర్తుపడుతోంది. కొత్తగా ఏదన్నా వేషం దొరికిందా అని షెడ్డులో వాళ్ళు అడుగుతున్నారు.

ఇందులో పలకలు కదులుతాయి. రెండు చెక్కల మధ్య పాత బొంతలు కుట్టాను. తోస్తే అరచేతి కింద ముడతలు పడి లేస్తాయి. ఇంకోచోట సముద్రం పలక నేల పలక కిందకి దూరుతుంది. ఆ పైన వేడినీళ్ళ సంచి దాచాను, అగ్నిపర్వతం ఎక్కడ పుడుతుందో వేలికి వెచ్చగా తెలియాలి. మరోచోట గరుకు కాగితం అంటించిన అంచులు ఒకదాన్నొకటి రాసుకుంటాయి. పట్టేస్తాయి, పట్టేస్తాయి, ఒక్కసారి జారతాయి. అదే భూకంపం. సముద్రం మధ్యలో పలకలు విడిపోయి కొత్త నేల పైకొచ్చే చోటు మాత్రం ఇంకా కుదరట్లేదు.

ఈలోగా జూబ్లీహిల్స్‌లో ఒకాయన పిలిచాడు. ఇంటికోసం నిజం బండలు పగలగొట్టించేసి, ఇప్పుడు తోటలోకి ప్లాస్టర్ బండలు కావాలట. ఒప్పుకున్నాను. అది కాగానే బొమ్మ ముగిస్తాను. ఆ పిల్లకి చెప్పకు. నేనే తెస్తాను.

అన్నయ్య

*

అన్నయ్యకి,

సెలవులిచ్చేశారు. నువ్వు రాలేదు. తోటలో బండలు బాగా మొలిచాయా?

ప్రణతి ఇక మన బళ్ళో చదవదు. వాళ్ళ నాన్న విశాఖపట్నంలో చూపులేని పిల్లల బడిలో చేర్చాడు, హాస్టల్ కూడా అక్కడే. దానికి మంచిదే. వెళ్ళేముందు పరీక్ష రాసింది. అది చెబుతుంటే ఆరో తరగతి పిల్ల రాసిపెట్టింది. పర్వతాలు ఎలా పుడతాయన్న ప్రశ్నకి పలకలూ, నెట్టుకోవడం, ముడతలూ అన్నీ సరిగ్గా చెప్పింది. చివర్లో ఇలా రాయించింది: "కానీ పర్వతాలు చూపున్నవాళ్ళకే ఉంటాయి. మిగతావాళ్ళకి భూమి నున్నగా ఉంటుంది."

ఆ మాట కొట్టేద్దామన్నా చెయ్యి రాలేదు, ఉంచేద్దామన్నా రాలేదు.

శాంత

*

శాంతమ్మా,

విశాఖ నించి రాస్తున్నాను. బళ్ళు తెరవగానే ఆ జూబ్లీహిల్స్ ఆయన తోట సగంలో వదిలేసి బయల్దేరాను. కండక్టరు బొమ్మకి కూడా టికెట్ కొట్టాడు. దారంతా నాకంటే అదే బుద్ధిగా కూర్చుంది.

వార్డెనమ్మ ప్రణతిని పిలిచింది. శాంత టీచరు అన్నయ్యనమ్మా అని చెప్పి, చెక్కలు దాని చేతికిచ్చాను. తోసింది. బొంత ముడత పడి లేచింది. పిల్ల టక్కున ఆగిపోయింది.

"ఇంకా లేస్తుందాండీ?"

"హిమాలయాలు ఇప్పటికీ లేస్తూనే ఉన్నాయమ్మా. తొయ్యి."

తోసింది. అన్నిటికంటే ఎత్తు ముడత మీద అరచెయ్యి పెట్టి, అలాగే ఉంచేసింది. అగ్నిపర్వతం దగ్గర "వెచ్చగా ఉంది!" అని నవ్వింది కూడా. అంతా తడిమాక అడిగింది:

"ఇది ఎవరికోసం చేశారండీ?"

"నీకోసమేనమ్మా."

కాసేపు బొంత సర్దుతూ కూర్చుంది.

"మరి అప్పటి నున్నటిది?"

సంచి చల్లారిపోతోంది, వేడినీళ్ళు పట్టుకొస్తానని బయటికొచ్చేశాను శాంతా. ఇంకా లోపలికి వెళ్ళలేదు. వరండాలో కూర్చుని నీకిది రాస్తున్నాను.

నీ అన్నయ్య,
సుబ్రహ్మణ్యం