రాతిలోపలి వేసవి

అమ్మకు,

ఈ కొండమీద ఒక అన్యాయం జరుగుతోంది. చేస్తున్నది కంట్రాక్టరు కాదు, నీ భర్త. నమస్కారమైనా పెట్టకుండా మొదలుపెట్టానని తిట్టకు. ఇక్కడ ఇద్దరం క్షేమం. ఈ పూట వరకూ ఈ మాట నిజం. నీ మోకాలి నొప్పి సంగతి రాశావు. బస్టాండులో నువ్వు టికెట్లిచ్చే కిటికీ దగ్గర ఎత్తు కుర్చీ అడిగి వేయించుకో, మొహమాటపడకు.

నువ్వు అడిగినవాటికి జవాబులు. నాన్న వేళకే తింటున్నాడు. దగ్గు లేదు. మేమిద్దరం మాట్లాడుకోవడం లేదని నీకెవరో చెప్పారట. అబద్ధం. గదిలో మిగతావాళ్లు లేచి బయటికి వెళ్లిపోయేంతగా మాట్లాడుకుంటున్నాం.

మొన్న పొద్దున, చలికి వేళ్లు కొంకర్లు పోతున్న వేళ, మేం పనిచేసే చరియ నుంచి పెద్ద బండ ఊడి బస్సు రోడ్డు మీద పడింది. అప్పుడు బస్సు లేదు కాబట్టి సరిపోయింది. నాన్నకు నమ్మకం కుదరలేదు. బండలు ఊడితే మండుటెండల్లో ఊడాలి గాని, చలి మొదలయ్యాక ఊడటమేమిటి? ఆయన పద్ధతి నీకు తెలిసిందే. తాళ్లు కట్టుకుని వేలాడుతూ వదులు రాళ్లను గడ్డపారతో తోసేయడానికి మమ్మల్ని పంపేముందు, చరియకు అరచెయ్యి ఆనిస్తాడు. జిల్లుమంటే పైకి పంపుతాడు. మేస్త్రీ అయిననాటి నుంచి ఆ చెయ్యి తప్పలేదు.

రాతిలో లోతుగా బెజ్జం వేసి వేడి కొలిచే ఆవిడ వచ్చింది. థర్మామీటరమ్మ అంటాం. పగుళ్లలో ఏళ్లుగా గడ్డకట్టి ఉన్న మంచే బండల్ని అతికించి పట్టుకుందట. ఎండాకాలాలు ఏటేటా ముదురుతున్నాయి. ఆ వేడి రాతిలోకి నెమ్మదిగా దిగి, బయట చలి పడ్డాకే లోతుకు చేరుతోందట. మంచు అక్కడ కరుగుతోంది.

"మేస్త్రీగారూ, మీ చేతికి తగిలేది పైతోలు. లోపల ఇంకా ఎండాకాలమే" అంది.

"అయితే ఆ బండల్ని ఎవరు దింపుతారమ్మా, నీ థర్మామీటరా?" అన్నాడు నాన్న.

కంట్రాక్టరు ఆఫీసు వెంటనే పని ఆపమంది. నాన్న వినడు. కింద బస్సు తిరుగుతోంది, మనం దింపకపోతే బండలు జనం మీదికే దిగుతాయి, రేపే ఎక్కాలి అంటాడు.

"నువ్వు శ్రామికుణ్ణి చంపుతున్నావు నాన్నా" అని కేకలేశాను.

"ఏ శ్రామికుణ్ణిరా? ముందు ఎక్కేది నేనేగా. నా అనుమతి నాకుంది."

నేను చదివిన సంఘం కరపత్రాలన్నిటిలో యజమాని ఎక్కమంటాడు, కూలీ ఎక్కనంటాడు. ఇక్కడంతా తిరగబడింది. పోనీ బస్సు ఆపించండని ఆఫీసుకు వెళ్తే, "బస్సులు మా చేతిలో లేవు బాబూ" అన్నారు. అసలు దోషి ఈ వేడే అనుకుందామంటే, దాన్ని పెంచింది ఎవరి పొగ? లోకంలోని పొగగొట్టాలన్నిటిదీ, మనమెక్కే బస్సుది కూడా అంది థర్మామీటరమ్మ. నేనిప్పుడు ఏ గేటు ముందు బైఠాయించాలమ్మా? నాకు బుర్ర పనిచేయడం లేదు.

ఇంతసేపూ దాచిన మాట ఒకటుంది. తాళ్ల గదికి తాళం వేసి చెవి నా దగ్గర పెట్టుకున్నాను. నాన్నకు తెలుసనే అనుకుంటాను. ఈ బల్లకు అవతల కూర్చుని, ఏమీ అడగకుండా టీ తాగుతున్నాడు. చెవి ఇస్తే ఆయన ఎక్కుతాడు. ఇవ్వకపోతే ఆ బండల కిందుగా బస్సు పోతుంది. ఏది చేసినా తప్పనిపిస్తోంది.

బస్సు కదలకపోతే ఆయన ఎక్కనక్కర్లేదు. నా బుర్రకు అందింది ఇంతే. ఈ ఉత్తరం థర్మామీటరమ్మ చేతికిస్తున్నాను. ఆవిడ రోడ్డున రానని కాలిబాటన దిగుతోంది. ఈయన్ని వదిలి నేను రాలేను. డ్రైవర్లకు చెప్పు, టికెట్లు కొన్నవాళ్లకు చెప్పు. ఎవరి మీద పోరాటమని అడిగితే, మా వాడికే తెలీదట అని నిజమే చెప్పు. రేపు పొద్దున ఆరింటికి, మొదటి బస్సు కదలకముందే, అందరూ స్టాండు గేటు దగ్గర ఉండాలి.

ఇట్లు,
కోపం తగ్గని నీ పెద్దకొడుకు