ఓటీపీ రిజిస్టరు పోస్టులో

అల్లవరం,
ఫిబ్రవరి 3.

మా ప్రియాంకను కనకరాజు మావయ్య దీవించి రాయునది.

ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం, మీ అత్తయ్య మోకాలు తప్ప. వచ్చే నెల్లో ఆపరేషన్‌కి రోజు పెట్టేరు. వారం నుంచి నువ్వు ఫోను చేస్తుంటే ఎత్తట్లేదని కంగారు పడుతున్నావేమో. ఎత్తకూడదమ్మా. ఆర్డరు.

ఎవరి ఆర్డరంటావా? విజయకుమార్ గారని, పింఛనుదారుల రక్షణ విభాగంలో పెద్ద ఆఫీసరు. ఈమధ్య దొంగలు మనవాళ్ల గొంతులు కూడా కంప్యూటర్లో తయారుచేసి మాట్లాడిస్తున్నారంట. మేనకోడలు చేసినా సరే ఎత్తొద్దన్నారు. అందుకని ఇకమీదట మన మధ్య ఉత్తరాలే. నీ దస్తూరీ నాకు తెలుసు కదా.

ఇంకో సంగతి. కాలవ లాకుల దగ్గర పనిచేసి రిటైరయినవాణ్ణి, ఈ నెలాఖరులోగా బతికున్నానని చూపించుకోవాలి. లేకపోతే పింఛను ఆపేస్తారు. ఇదివరకు ఆఫీసుకెళ్లి, "ఆయ్, ఉన్నానండీ" అని సంతకం పెట్టొచ్చేవాణ్ణి. ఇప్పుడేమో మా ఊరి సచివాలయం నుంచి వాణి అనే పిల్ల ఇంటికొచ్చి, ఆధార్ నంబరు చెప్పి, ఫోను వైపు చూసి కళ్లు ఆర్పమంది. ఎదురుగా నిలబడ్డ నన్ను నమ్మదంట, ఫోను చెబితే నమ్ముతుందంట! విజయకుమార్ గారిని అడిగితే, అసలు దొంగతనమంటే అదే అన్నారు. గేటు వేసేసేను.

ఇట్లు,
జాగ్రత్తగా ఉన్న మీ మావయ్య.

తా.క.: ఆ పిల్ల గేటవతల నిలబడి, "అమ్మగారి మోకాలెలా ఉందండీ" అని అడిగింది. దొంగలు మన గురించి ఎంత కూపీ లాగుతున్నారో చూడు.


విశాఖపట్నం,
ఫిబ్రవరి 7.

మావయ్యకు ప్రియాంక నమస్కారాలు.

అత్తయ్య మోకాలెలా ఉంది? మెట్లు దిగనివ్వకండి.

ఆ విజయకుమార్ ఆఫీసరు కాదు మావయ్యా, దొంగ. అలాంటి విభాగమే లేదు. వాణి మాత్రం నిఖార్సైన మనిషి. సచివాలయానికి ఫోన్ చేసి కనుక్కున్నాను, మళ్లీ రమ్మని ఆ అమ్మాయిని బతిమాలుకున్నాను. పోయినవాళ్ల పేరు మీద ఇంకొకరు పింఛను తినెయ్యకుండా ముఖం చూస్తున్నారు, అంతే.

అత్తయ్య ఆపరేషన్‌కి దాచిన డబ్బంతా ఆ పింఛను ఖాతాలోనే ఉంది కదా. బ్యాంకుకు ఫోన్ చేసి ఖాతా ఆపమంటే, ఖాతాదారే రావాలన్నారు. నేనే వద్దామంటే తొమ్మిదో నెల, డాక్టరమ్మ మంచం దిగొద్దంది. మీ అల్లుడు ఓడ దిగేది ఏప్రిల్లో. మీకు దణ్ణం పెడతాను, ఫోనులో వచ్చే ఓటీపీ నంబర్లు ఎవరికీ చెప్పకండి. దేవుడడిగినా చెప్పకండి.

భయంతో,
ప్రియాంక.

తా.క.: ఇది రాస్తున్నది నేనేనని రుజువు కావాలా? అత్తయ్య పెట్టే కాకరకాయ పులుసు మీకు అస్సలు పడదని, ఆవిడ చిన్నబుచ్చుకుంటుందని తింటున్నారని నా ఒక్కదానికే చెప్పారు. ఇది ఏ కంప్యూటరుకు తెలుసు?


అల్లవరం,
ఫిబ్రవరి 11.

ప్రియాంకకు మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. నా కళ్లజోడు కనపడక మీ అత్తయ్య చేత పైకి చదివించుకున్నాను. తా.క. కూడా చదివింది. అప్పట్నుంచి రెండు పూటలా కాకరకాయ పులుసే.

దస్తూరీ నీదేగానీ, చెయ్యి వణికినట్టుంది. నిన్నెవరైనా కూర్చోబెట్టి రాయిస్తున్నారా? అవునంటే ఈసారి కాగితం మూలన ఒక చుక్క పెట్టు, నేను అర్థం చేసుకుంటాను.

విజయకుమార్ గారిని మాత్రం దొంగ అనకు. పొద్దున్నే ఫోన్ చేసి, "టిఫినయ్యిందాండీ, బీపీ మాత్ర వేసుకున్నారాండీ, కొబ్బరి ధర ఎలా ఉందండీ" అని అడుగుతారు. నువ్వు ఆదివారం ఆదివారం చేసేదానివి. తప్పు పట్టట్లేదమ్మా, ఉన్నమాట చెబుతున్నాను.

ఇంక నంబర్లంటావా, నువ్వు వద్దన్నట్టే ఎవరికీ చెప్పలేదు. ఆయన అడిగితే, "ఫోనులో నంబర్లు పలకనండీ, మా మేనకోడలు ఒప్పుకోదండీ. ఏటీఎం కార్డు, వచ్చిన ఓటీపీలు అన్నీ కవర్లో పెట్టి రిజిస్టరు పోస్టులో పంపుతాను, అడ్రసు ఇప్పించండి" అన్నాను. పాపం, రెండు రోజులు బతిమాలేరు. నేను కదల్లేదు. చివరికి హైదరాబాదులో అడ్రసు ఇచ్చేరు. చెప్పొద్దన్నావు, చెప్పలేదు. రాస్తున్నాను.

ఇట్లు,
మాట తప్పని మావయ్య.

తా.క.: వాణి మళ్లీ వచ్చి మీ అత్తయ్య మోకాలికి కాపడం పెట్టి వెళ్లింది. నా మొహం ఆ ఫోనుకు దొరక్కుండా అంతసేపూ పెరట్లో కొబ్బరికాయలు ఒలిచిన డొక్కల గుట్ట వెనకాల కూర్చున్నాను. చీమలు కుట్టేయి.


విశాఖపట్నం,
ఫిబ్రవరి 14.

మావయ్యా,

అత్తయ్య మోకాలెలా ఉంది?

కవరు పంపకండి! పంపకండి! పంపకండి! ఆ డబ్బు పోతే అత్తయ్య జన్మంతా గోడ పట్టుకుని నడవాలి. నన్నెవరూ కూర్చోబెట్టి రాయించడం లేదు. నా చెయ్యి వణికింది మీ వల్లే.

ఆదివారాల మాట గుచ్చుకుంది మావయ్యా. నిజమే. ఇకనుంచి రోజూ చేస్తాను. ముందు మీరు ఎత్తితే కదా!

మీ ప్రియాంక.

తా.క.: మూలన ఉన్నది చుక్క కాదు. ఏడుస్తూ రాస్తుంటే కన్నీళ్లకి సిరా చెదిరింది.

ఇంకో తా.క.: ఈ గాభరాకి ఇప్పుడే కాన్పయ్యేలా ఉంది. అయితే బిడ్డకు ఓటీపీ అని పేరు పెడతాను.


అల్లవరం,
ఫిబ్రవరి 19.

ప్రియాంకా, ధైర్యంగా ఉండు. చుక్క చూసేను. అది చుక్క కాదని వాళ్లే నీ చేత రాయించేరని కూడా గ్రహించేను.

ఇక్కడో ఘోరం జరిగింది. నీ ఉత్తరం రాకముందే కవరు పంపేసేను. దారిలో ఎవరి చేతుల్లోనైనా పడుతుందని పైన ఎర్రసిరాతో "ఆధార్ కార్డు చూసి మాత్రమే ఇవ్వవలెను" అని రాసేను. ఇవాళ రసీదు కార్డు తిరిగొచ్చింది. అక్కడి పోస్టుమాను బుద్ధిమంతుడు, ఆ ఇంట్లో ఉన్నవాడి ఆధార్ చూసి అందులో ఉన్న పేరు రాసుకుని మరీ ఇచ్చేడు. ఆ పేరేంటో తెలుసా? అంజిబాబు! కిందున్న సంతకమూ అదే.

ఎవడీ అంజిబాబు? విజయకుమార్ గారి కవరు వీడు కాజెయ్యడమేంటి? నా ఒళ్లు మండిపోయింది. ఆయనకి చెబుదామని ఫోను చేస్తే స్విచాఫ్. వీడే ఆయన్ని ఏదో చేసుంటాడు. ఇప్పుడే అమలాపురం పోతున్నాను, విజయకుమార్ గారి తరఫున పోలీసు కంప్లయింటు ఇవ్వడానికి.

తొందరలో,
మావయ్య.

తా.క.: నిన్ను బంధించిన సంగతి కూడా వాళ్లకే చెబుతాను.


విశాఖపట్నం,
ఫిబ్రవరి 23.

మావయ్యా, అత్తయ్య మోకాలెలా ఉంది?

నన్ను విడిపించడానికి పోలీసులొచ్చారు. నా అవస్థ చూసి, వచ్చిన పోలీసమ్మే టీ పెట్టి నాకిచ్చింది. అది సరే, ఖాతాలో డబ్బుందా, పోయిందా? నాకు నిద్ర లేదు, తిండి లేదు. ఒక్క ముక్క రాయండి.

ప్రియాంక.

తా.క.: పోలీసమ్మ మా మావయ్యకు మతి ఉందా అని అడిగింది. టీ చాలా బాగుందన్నాను.


అల్లవరం,
ఫిబ్రవరి 27.

మా తల్లి ప్రియాంకకు,

నువ్వే గెలిచేవు. పోలీసులు ఆ అడ్రసుకెళ్లి అంజిబాబును పట్టుకొచ్చేరు. వాడి గదినిండా సిమ్ములంట. నేనొప్పుకోలేదు, "వీడు దొంగేనండీ, మరి మా విజయకుమార్ గారేరండీ" అన్నాను. అప్పుడు ఎస్సైగారు వాడి చేత "టిఫినయ్యిందాండీ" అనిపించేరు. అదే గొంతు. స్టేషన్లోనే ఏడ్చేసేను. రోజూ పొద్దున్నే ఆ ఫోను కోసం ఎదురుచూసేవాణ్ణమ్మా. తలెత్తుకోలేకపోతున్నాను.

వాణి దగ్గరికి నేనే వెళ్లేను. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయి, ముందు ఫోను నన్ను గుర్తుపట్టలేదు. చన్నీళ్లతో మొహం కడుక్కొస్తే పట్టింది. బతికే ఉన్నానంట. పింఛను ఆగదు.

బ్యాంకుకు కూడా వెళ్లేను. పైసా కదల్లేదు! ఎలాగో నాకూ తెలీదు, పోలీసులకీ తెలీదు. కవరు విప్పగానే అంజిబాబు నెత్తి కొట్టుకున్నాడంట, అంతే చెప్పేరు.

రేపట్నుంచి ఫోను ఎత్తుతాను. చెయ్యి.

ఇట్లు,
బుద్ధొచ్చిన మావయ్య.

తా.క.: ప్రియాంకా, నేను సూర్యకాంతం అత్తయ్యను. ఏటీఎం కార్డు నా బియ్యం డబ్బాలో ఉంది. మీ మావయ్య జిగురు కోసం లోపలికెళ్లినప్పుడు కవర్లో ఉన్నవన్నీ తీసేసి, నా మోకాలి రిపోర్టు పెట్టేను. నీకు చెబుదామంటే ఫోను ఆయన జేబులో, ఉత్తరాలు ఆయనే అంటించడం. ఇవాళే నన్ను అంటించమన్నారు. నువ్వు ఎంత గాభరాలో ఉన్నా ముందు నా మోకాలి సంగతే అడిగేవు. వాణి మొహం మీద గేటేసినా అదే అడిగింది. ఆ అబ్బాయి అన్ని రోజులు ఫోన్ చేసి, కొబ్బరి ధర కూడా అడిగేడుగానీ, నా మోకాలెలా ఉందని ఒక్కనాడు అడగలేదు. మనవాడైతే అడగడూ?