బిల్లులో పడిన అండీలు

రావులపాలెం

అక్కకు, చెల్లెలు మంగ నమస్కారాలు. ఇక్కడ నేను, మీ మరిదిగారు, అత్తయ్య బాగానే ఉన్నాం. అక్కడ నువ్వు, బావగారు, పిల్లలు, అమ్మానాన్నలు బాగున్నారనే అనుకుంటున్నాను. అమ్మ మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? గాలి ఎక్కువగా ఉన్న రోజు నాన్నని వేటకి వెళ్ళొద్దని నేను మరీమరీ చెప్పానని చెప్పు.

ఫోన్ ఉండగా ఉత్తరం ఏంటని అమ్మ కంగారు పడుతుంది. పడొద్దని చెప్పు, మేం బాగానే ఉన్నాం. మా గదిలో ఫోన్ మాట్లాడితే ఏమవుతుందో ఇది చదివితే నీకే తెలుస్తుంది.

ఇక్కడ ఎటు చూసినా అరటి గెలలే అక్కా. లారీల మీద గెలలు, సైకిళ్ళ మీద గెలలు. చేప మాత్రం ఐసు పెట్టెలోంచి తీసి ఇస్తారు, దానికి రుచీ పచీ ఉండదు. మనవైపు వీచే గాలి ఇక్కడ లేదు, ఒకటే ఉక్కపోత. పోనీ ఫ్యాన్ వేసుకుందామంటే అదీ లేదు. ఎందుకో చెబుతాను.

మీ మరిదిగారు బోటు మీంచి పడి మెడ దెబ్బతిన్నాక చేతులు రెండూ పైకి లేవడం లేదు కదా. కుడిచేతి వేళ్ళు మాత్రం మౌసు నొక్కేంతవరకు కదులుతాయి. మేము ఈ ఊరు వచ్చింది గెలల షావుకారుగారు ఇస్తానన్న పని కోసమే. పొద్దున్నే మార్కెట్లోంచి గెలల లెక్క రాసిన చీటీల ఫోటోలు వస్తాయి. వాటిని చూసి ఈయన నోటితో చదివితే కంప్యూటర్ టైపు చేస్తుంది. ఆ బిల్లు షావుకారుగారికి పంపాలి. "కుదిరితే నీదే పని. కుదరకపోతే ఇంకో మనిషిని చూసుకుంటాను" అని ముందే చెప్పేశారు. పాత కంప్యూటర్ కూడా ఆయనే ఇచ్చారు. మైకు మాత్రం మేమే కొనుక్కోవాలి.

"అన్నం నువ్వే పెట్టాలి, దోమ వాలినా నువ్వే తోలాలి. ఈ ఒక్క పనైనా నిన్ను పిలవకుండా చేసుకుంటానే" అన్నారు మీ మరిదిగారు. ఆ మాట కోసమే నేను ఇన్ని తిప్పలూ పడ్డాను.

ఆ మైకు షాపు చుట్టూ తిరిగి తిరిగి నాకు విసుగొచ్చేసింది. షాపు నిండా మగపిల్లలు. నాకు నోరు పెగలదు. "ఏంటమ్మా? గట్టిగా చెప్పండి" అంటాడు షాపతను. చవకలో చూపించమంటే చెవుల మీద డిప్పలు, మూతి దగ్గర మైకు ఉన్నది ఇచ్చాడు. తీరా చూస్తే దాని తోకకి పిన్నులు రెండు, కంప్యూటర్‌కి కన్నం ఒకటే. మళ్ళీ వెళ్ళాను.

"పిన్నులు రెండున్నాయండి, కన్నం ఒకటేనండి."

"ఏదో ఒకటి పెట్టుకోండమ్మా, సరిపోద్ది."

ఏం సరిపోద్ది? ఒకటి పెడితే వినపడుతుంది, మాట అందదు. రెండోది పెడితే ఏదీ లేదు. ఇంకోసారి వెళితే అప్పుడు తాపీగా, "దీనికి వేరే ముక్క ఉంటదమ్మా" అని బొటనవేలంత ముక్క తీశాడు. అది కంప్యూటర్ పక్కన గుచ్చితే రెండు కన్నాలు వస్తాయి. ఆ మాట మొదటి రోజే చెప్పడానికి వాడికి నోరు రాలేదు చూడు!

ఇంతా చేస్తే ఆ డిప్పలు ఈయన పెట్టుకోలేరు, తీసుకోలేరు. చెవి దురద పెట్టినా "మంగా!" అని కేకే. చివరికి చొక్కాకి తగిలించే చిన్న మైకు తెచ్చాను. మెడ తిప్పితే అది జారిపోతుంది. ఇంటివాళ్ళ పాత కుట్టుమిషన్ లైటుకి ఎటు కావాలంటే అటు వంగే కడ్డీ ఉంది. అడిగి తెచ్చి బల్లకి బిగించి, దాని చివర మైకుని వలదారంతో కట్టాను. నాన్న నేర్పిన ముడి, పట్టిందంటే వదలదు. ఇప్పుడది సరిగ్గా ఆయన నోటి ముందు నిలబడింది. ఊపిరి చప్పుడు మైకులోకి పోకుండా పాత సాక్సు ముక్క తొడిగాను.

"ఏదన్నా మాట్లాడవే, చూద్దాం" అన్నారు.

"ఏం మాట్లాడనండి?"

"నీ పేరు చెప్పు."

చెప్పాను. అది ఒక్క అక్షరం రాయలేదు. మళ్ళీ చెప్పాను. ఊహూఁ. పొయ్యి దగ్గర నుంచి అత్తయ్య, "కాపరానికొచ్చిన కాడ్నించి దాని మాట నాకే వినపళ్ళేదు, మిషనుకేం వినపడద్దిరా?" అంది. ఆ ముక్క మాత్రం పొల్లు పోకుండా రాసేసింది, దొంగముండ మిషను! ఫ్యాన్ తిరిగితే మాత్రం దానికి ఎవరి మాటా అర్థం కాదు. అందుకే పని జరిగినంతసేపు ఫ్యాన్ బంద్. అత్తయ్య విసనకర్రతో విసురుకుంటూ నన్ను తిడుతుంది.

అన్నీ కుదిరాయనుకుంటే అసలు తంటా అప్పుడు మొదలైంది. ఈయన నోట అండి లేకుండా మాట రాదు కదా. "చక్కెరకేళి అండి, డెబ్భై గెలలండి, కర్పూర అండి, ముప్పయ్యండి" అని చదువుతారు. మిషను అండీలన్నీ గెలల పక్కన పేరుస్తుంది. సరేనని అండీ మానేసి వారం రోజులు సాధన చేశారు. "చక్కెరకేళి. డెబ్భై. కర్పూర. ముప్పై. రాయి. ఆపు."

"ఎవరితోరా ఆ మాటలు? పెద్దంతరం చిన్నంతరం లేదా?" అని అత్తయ్య గొడవ.

అత్తయ్య మాటే నిజమైంది. మొదటి బిల్లు రోజున, పంపే ముందే షావుకారుగారు ఫోన్ చేశారు. నేను స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచాను. "ఏమయ్యా, అయ్యిందా?"

ఈయన అదే ఊపులో, "అయింది. పంపుతున్నాను. చూసుకో" అనేశారు.

"చూసుకో ఏంటయ్యా! నేనేమన్నా నీ పాలేరునా?" అని ఆయన ఫోన్ పెట్టేశారు.

ఈయన మొహం చూడలేకపోయాను అక్కా. ఇన్నాళ్ళ కష్టం ఒక్క మాటతో పోయింది అనుకున్నాను. నాకేం పూనిందో తెలీదు. ఫోన్ తీసి చేశాను. ఎత్తారనుకుని, ఆ బల్ల దగ్గరే నిలబడి గొంతెత్తి గడగడా చెప్పేశాను.

"షావుకారుగారండీ, నేను మంగనండి, ఆయన భార్యనండి. ఆయనది పొగరు కాదండి. అండీ అంటే మిషను అదీ రాసేస్తందండి, అందుకని మానేశారండి. తవరు మనసులో పెట్టుకోకండి. ఆయన చేతులు లేవవు కదండి, ఆ అండీయేనండి ఆయన దణ్ణం."

తీరా చూస్తే అవతల ఎవరూ లేరు. ఫోన్ ఇంకా మోగుతూనే ఉంది. "మంగా, ఇటు చూడు" అన్నారు ఈయన. బిల్లులో బొంత అరటి నలభై గెలల కింద నా మాటలన్నీ వరసగా ఉన్నాయి. నా పేరు కూడా పట్టని మిషను, ఒక్క అండీ వదల్లేదు.

"చెరిపేయండి బాబూ" అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఉండనీ" అని కదిలే ఆ వేలితోనే మౌసు నొక్కి పంపేశారు.

మధ్యాహ్నం షావుకారుగారు ఫోన్ చేశారు. "ఏమ్మా, బొంత గెలల తరవాత బోల్డన్ని అండీలు దిగాయి. వాటికి కమిషన్ ఎంత తియ్యమంటావు?" అని ఒకటే నవ్వు. నేను తలుపు వెనక్కి పారిపోయాను. తరవాత ఈయనతో, "మిషనుతో నీ ఇష్టం, నాతో మామూలుగా మాట్లాడు. పని నీదే" అన్నారట. "ఆయ్, అలాగేనండి" అన్నారు ఈయన. ఆ అండి విని అత్తయ్య కళ్ళు తుడుచుకుంది.

అందుకే అక్కా, పొద్దున్న పూట ఫోన్ చెయ్యకు. మీ అత్తగారి గురించి నువ్వు చెప్పేవన్నీ షావుకారుగారి బిల్లులో పడతాయి. ఎవరన్నా ఇటు వస్తుంటే ఎండు రొయ్యలు, ఇంకో కండె వలదారం పంపు. అమ్మకి ఉత్తరమంతా చదివి వినిపించు, నేను షాపతన్ని తిట్టింది మాత్రం వదిలెయ్యి. బావగారికి, అమ్మానాన్నలకి నా దణ్ణాలు చెప్పు. పిల్లలకి ముద్దులు. ఈ పని నిలబడాలని మీరంతా మమ్మల్ని దీవించండి.

ఇవాళ పొద్దుటి నుంచి ఆయన నన్ను ఒక్కసారి కూడా పిలవలేదు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాయగలిగాను.

ఇట్లు
నీ చెల్లెలు
మంగ