వాకింగ్ డిస్టెన్స్

ఇళ్లు అద్దెకు కుదిర్చే మా బావమరిదికి, దీవెనలు.

మేము దిగిన ఈ ఇంటి ప్రకటనలో బస్టాపు "వాకింగ్ డిస్టెన్స్" అని రాశావు. అది "నియర్" అంత దగ్గర కాకపోయినా, మనిషి ఆయాసం లేకుండా నడిచిపోగల దూరం. రాత్రి బడిలో చదివి పట్టా పుచ్చుకున్నవాడిని కనుక నిఘంటువు చూడకుండానే చెప్పగలను. ఫోనులో అడిగితే "కూతవేటు దూరమేగా బావా!" అన్నావు. ఆ కూత వేసింది రైలింజనా నాయనా?

మీ అక్క రోజూ కుట్టుపని దుకాణం నుంచి ఆ దారినే వచ్చి మెట్ల మీద కూలబడుతోంది. నేను నిన్ను నాలుగు మాటలంటే ఒప్పుకోదు.

"వాడు దగ్గరని రాశాడంటే దగ్గరేనండీ. నా కాళ్లకే వయసొచ్చింది. ఇక పని మానేస్తాను" అంటోంది.

ఆ పని అంటే ఆమెకు ప్రాణమని నీకు తెలుసు. నా ఇంగ్లీషు మీద లేని నమ్మకం ఆమెకు నీ ప్రకటన మీద ఉంది.

కనుక సోమవారం పొద్దున రా. బండి మా గుమ్మం ముందే వదిలి, అక్క సంచీ పట్టుకుని బస్టాపు దాకా నడువు. అక్కడ ఊపిరి అందాక, తప్పు తన కాళ్లది కాదని నీ నోటితోనే ఆమెకు చెప్పు.

కోపం ఇంకా తగ్గని
నీ బావ