కోడి తాగని నీళ్లు

తిరువూరు

తమ్ముడు పీర్‌సాహెబ్‌కి అక్క దౌలత్‌బీ దువా. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, బెంగంతా నీ గురించే.

మీ తోలు ఫ్యాక్టరీ మురుగునీళ్లలో సున్నం, పటిక కలిపి, తేరాక పలచని పొరలోంచి మోటారుతో నెట్టి వడగడుతున్నారనీ, పెద్దసార్ల ముందు ఆ నీళ్లు గ్లాసుడు తాగి చూపించాననీ రాశావు. చదివి ఉండబట్టలేక, నేనూ రంగు దిగే చీర ఉతికిన నీళ్లలో పటిక తిప్పి, నాలుగు మడతల గుడ్డలో వడగట్టాను. అద్దంలా వచ్చాయి. మన కోడి ముందు పెడితే ముక్కు ముంచి, తల విదిలించి వెళ్లిపోయింది. ఇంకెప్పుడూ తాగనని నా మీద ఒట్టేసి రాయి. మరదలు కరీంబీకి దగ్గు తగ్గిందా? పచ్చడి జాడీ అందిందా?

రంజాన్‌కైనా రారా. నీ చెంబు రోజూ తోమి కుండ పక్కనే పెడుతున్నా. మన బావి నీళ్లు తాగి ఒక్కపొద్దు విడుద్దువుగాని. అంతదాకా అల్లా నిన్ను చల్లగా చూడాలి.