మూడో తరగతి గది స్లాబు

ఆగస్టు 5, మంగళవారం

పొద్దున్నే చాటింపు. మా వాకిలి ముందు ఆగి మరీ కొట్టాడు డప్పు. "మిల్ట్రీ సాయిలు ఇంటోళ్లతోని ఎవ్వలు మాట్లాడద్దు. మాట్లాడితె జుర్మానా. ఊరి కమిటీ మాట." కొట్టినవాడు నా మొహం వైపు చూడలేదు. గంగామణి అరుగు మీద బీడీల ఆకు కత్తిరిస్తోంది. కత్తెర ఆగింది, మళ్లీ నడిచింది.

నేను చేసిన నేరం — నిన్న నిజామాబాద్ పోయి ప్రజావాణిలో బడి స్లాబు మీద అర్జీ ఇచ్చాను. అంతవరకు ఎవరికీ నొప్పి లేదు. కలెక్టరేట్ బయట ఒక యూట్యూబ్ పిల్ల మైకు పెట్టింది. "పోయినేడు మరమ్మతన్నరు. స్లాబు ముట్టలే, రంగు కొట్టి పోయిండ్రు. మా సర్కారు పిల్లల పాణం మీద రంగు కొట్టింది" అన్నాను. సాయంత్రానికి ఊళ్లో ఎవరి ఫోను చూసినా నేనే.

ఆగస్టు 6

కమిటీ పెద్ద నర్సయ్య. నా చెల్లెలు సావిత్ర మొగుడు. స్లాబు పెచ్చు పడింది ఎవరి మీద? వాడి మనుమరాలు అన్విత మీదే. మూడో తరగతి. ఎడమ భుజం. కట్టు కట్టించారు. అడిగితే ఇంటిల్లిపాదిదీ ఒకటే పాట... ఆడుకుంటూ పడిందట.

జెండా పండుగకు ఎమ్మెల్యే వస్తున్నాడు. ఊరికి ఫంక్షన్ హాలు ఇస్తానన్నాడు. అందుకని పెచ్చు పడలేదు.

ఆగస్టు 7

గంగామణి ఆకు తెచ్చుకోవడానికి పోయి ఖాళీ సంచితో వచ్చింది. బీడీల కమీషన్‌దారు మా ఊరివాడే. ఆమెతో మాట్లాడితే జుర్మానా కదా, గోడకు చెప్పినట్టు చెప్పాడట — ఈ ఇంటికి ఆకు లేదు అని. వంటింట్లో గంగామణికి బదులు గిన్నెలు మాట్లాడుతున్నాయి.

వీడియో కింద ఎవడో రాశాడు. ఇరవై రెండేళ్లు సర్కారు జీతం తిన్నాడు, ఇప్పుడు పింఛను తింటున్నాడు, సర్కారునే తిడుతున్నాడు, దేశద్రోహి. ఎవడో కాదు, వాడికి ఆర్మీ సెలక్షన్ పరుగు నేర్పింది నేనే.

నాలుగుసార్లు చదివాను. ఐదోసారి ఫోను మంచం మీదికి విసిరాను.

ఆగస్టు 8

చెరకు జడలు కట్టడానికి కూలీలు రాలేదు. వస్తామన్నవాళ్లు చాటింపు విన్నారు. ఒక్కడినే దిగాను. ఆకులు ఒలిచి, నాలుగు గడలు ఒకచోటికి చేర్చి కట్టడం. చీకటి పడేలోగా రెండు సాళ్లు. చేతులంతా కోతలు. ఒక్క గట్టి గాలి వస్తే మిగతా తోట పడుకుంటుంది.

పని చేస్తున్నంతసేపూ అదే. ఫౌజులో ఏనాడూ పైవాడి మీద నోరెత్తలేదు. ఇప్పుడు మైకు ముందు ఎత్తాను. ధైర్యమా, పింఛను వస్తుందన్న పొగరా? నిజంగా తెలియదు.

ఆగస్టు 9, శనివారం

రాఖీ. సావిత్ర రాలేదు.

సరిహద్దులో ఉన్నప్పుడు కవర్లో పెట్టి పంపేది. ఒక్క ఏడూ తప్పలేదు. ఇవ్వాళ మూడు సందుల అవతల ఉంది. స్నానం చేసి ఉతికిన చొక్కా వేసుకుని పదకొండు దాకా కుర్చీలో కూర్చున్నాను. సిగ్గు లేకుండా ఎదురు చూశాను.

"అది వస్తె దాని సంసారం ఆగమైతది. చొక్కా ఇప్పి అన్నం తిను" అంది గంగామణి.

ఆగస్టు 10

గేటు గడియకు రాఖీ కట్టి ఉంది. ఎర్ర దారం, మధ్యలో చిన్న పూస. ఎప్పుడొచ్చి కట్టిపోయిందో.

విప్పి నా చేతికి కట్టుకోబోతే ఒంటిచేత్తో రాలేదు. గంగామణి కట్టింది. ఏడ్చాను. ఈ పుస్తకం ఎవరూ చూడరు కాబట్టి ఒప్పుకుంటున్నా.

ఆగస్టు 11, సోమవారం

కలెక్టరేట్ నుంచి ఫోను. వచ్చే సోమవారం విచారణ. దెబ్బ తగిలిన పాప ఇంటివాళ్లు ఎవరైనా వచ్చి చెప్పాలట, లేకపోతే అర్జీ మూసేస్తారట. నా దగ్గర ఫోటోలున్నాయి అన్నాను. ఫోటోలు చాలవన్నారు.

బడికి పోయి చూస్తే పెచ్చు ఊడిన చోట సిమెంటు పూశారు. దాని మీద రంగు. ఇంకా తడి ఆరలేదు.

నాతో మాట్లాడితేనే జుర్మానా. నా పక్షాన సాక్ష్యం ఎవరు చెప్తారు?

ఆగస్టు 12

ఇది గంగామణికి కూడా చెప్పలేదు.

కొండ మీద పోస్టు. పెద్ద సాబ్ తనిఖీకి వస్తున్నాడు. మా బంకరు కప్పులో ఒక దూలం పగిలింది. సంత్రీ డ్యూటీ నాది, చూసింది నేను. చెప్తే తనిఖీ పాడవుతుంది, కంపెనీ పేరు పోతుంది. "సబ్ ఠీక్ హై సాబ్" అన్నాను. సాబ్ భుజం తట్టి పోయాడు. నాలుగో రోజు మంచు బరువుకు కప్పు కూలింది. నా పక్క మంచం వాడి కుడి చెయ్యి పోయింది. ఆస్పత్రి నుంచి నాకే ఉత్తరం రాశాడు, ఎడమ చేత్తో, వంకర టింకర అక్షరాలు. నేను బాగున్నావా అని కూడా తిరిగి రాయలేదు.

ఆ రోజు నేను చేసింది ద్రోహం. అప్పుడు నన్నెవరూ ద్రోహి అనలేదు.

ఆగస్టు 13

వాన. తోటలో ఇంకో సాలు కట్టాను. నడుము లేవడం లేదు.

ఆగస్టు 14

సందె వేళ బడి అటెండర్ పోశెట్టి వెనక గోడ దగ్గరికి వచ్చాడు. మెల్లగా పిలిచాడు. ఏటేటా జెండాలో పూలు పెట్టి ముడి వేసేది నేనే. ఒక్క గుంజుకు విచ్చుకోవాలి. నేను ఆస్పత్రిలో ఉన్న ఏడు ఎవరో కట్టారట, సగం కార్యక్రమం అయ్యేదాకా మూటలాగా వేలాడిందట.

"హెడ్మాస్టర్ సారు అడుగుమన్నడు. తెల్లారకముందు వచ్చి ముడి ఏసి పో సాయన్నా. కని... జెండా ఎక్కిచ్చేటప్పుడు మాత్రం రాకు."

ముడి కావాలి, నేను వద్దు. వాడిని నోటికొచ్చినట్టు తిట్టాను. పాపం, తలకాయ వంచుకుని విన్నాడు. తిట్టినా మాట్లాడినట్టే కదా, జుర్మానా ఎవరు కట్టాలి?

ఆగస్టు 15, శుక్రవారం

పోయాను. మసక వెలుతురు. బంతిపూల రెక్కలు పెట్టి మడత వేశాను. తాడు చుట్టేటప్పుడు పాడు బుద్ధి పుట్టింది. ఒక్క చుట్టు ఎక్కువ వేస్తే చాలు, ఎమ్మెల్యే గుంజుతూనే ఉంటాడు, నర్సయ్య చెమటలు తుడుచుకుంటాడు, ఊరంతా నన్నే తలుచుకుంటుంది. వేళ్లు ఆ చుట్టు వేశాయి కూడా.

విప్పాను. మళ్లీ సరిగ్గా వేశాను. నా కోపం వాళ్ల మీద, జెండా మీద కాదు.

తొమ్మిదింటికి బడి గేటు అవతల రోడ్డు మీద నిలబడ్డాను. రోడ్డు మీద నిలబడద్దని చాటింపులో లేదు. ఒక్క గుంజుకు విచ్చుకుంది. రోడ్డు మీది నుంచే సెల్యూట్ చేశాను. ఎమ్మెల్యే మైకు పట్టుకున్నాడు... కొందరు ఊరి పరువు, దేశం పరువు బజారుకీడుస్తున్నారు, అలాంటివాళ్లను ఊరే చూసుకోవాలి... చప్పట్లు.

మూడో తరగతి వాళ్ల చాపలు, పలకలు, సంచులన్నీ వరండాలో ఉన్నాయి. హెడ్మాస్టర్ చప్పుడు చేయకుండా గది మార్చేశాడు. అంటే ఆయనకూ తెలుసు. అందరికీ తెలుసు.

పిల్లలందరూ చప్పట్లు కొడుతున్నారు. అన్విత కుడి చేత్తో తొడ మీద కొట్టుకుంటోంది. ఎడమ చెయ్యి ఒళ్లో అట్లాగే ఉంది.

ఆగస్టు 16

నర్సయ్య ఇంటికే వచ్చాడు. జుర్మానా నీకు నువ్వే కట్టుకుంటవా అన్నాను. నవ్వలేదు. జేబులోంచి కాగితం తీశాడు. ఆవేశంలో తప్పుగా మాట్లాడాను, బడికి ఏ లోపమూ లేదు, అర్జీ వాపసు తీసుకుంటున్నాను. కింద నా పేరు టైపు చేసి ఉంది. సంతకం పెడితే ఆ సాయంత్రమే మళ్లీ చాటింపు. ఆకు వస్తుంది, కూలీలు వస్తారు, చెల్లెలు వస్తుంది.

"ఇంట్ల కొట్లాట ఇంట్లనే ఉండాలె బావా. దుబాయ్‌ల ఉన్న మనోళ్లు గూడ సూసిండ్రట. ఊరి ఇజ్జత్ పోయింది."

"ఇంట్లనే చెప్పిన. మూడు సార్లు కమిటీల లేచి చెప్పిన. సూద్దాం అన్నది నువ్వే."

"ఫౌజుల గిదే నేర్పిండ్రా? సర్కారును తిట్టుడు?"

"అన్విత చెయ్యి ఎందుకు లేస్తలేదు నర్సయ్యా?"

కాగితం బల్ల మీద పెట్టాడు. హాలు వస్తే ఊళ్లో అందరి పెళ్లిళ్లకూ పనికొస్తుందన్నాడు. పోతూ పోతూ చెప్పులు తారుమారుగా వేసుకున్నాడు, ఆగి మార్చుకున్నాడు.

వాడు చెడ్డవాడు కాదు. నా పెళ్లికి పందిరి వేసింది వాడే. అందుకే ఇంత కోపం.

ఆగస్టు 17, ఆదివారం

కాగితం బల్ల మీద. పక్కన పెన్ను. పొద్దటి నుంచి దాని చుట్టే తిరుగుతున్నాను.

సంతకం పెట్టనా అని గంగామణిని అడిగాను. పెట్టు అంటుందనుకున్నాను. అంటే పెట్టేవాడినేమో కూడా. ఆమె చేతులు ఊరికే ఉన్నాయి. పెళ్లయినప్పటి నుంచి ఆ చేతులు ఊరికే ఉండగా చూడలేదు.

"నువ్వు బార్డర్‌ల ఉన్న ఇర్వై రెండేండ్లు నేను ఒక్కదాన్నే ఉన్న. మాట్లాడెటోళ్లు లేకుంటె ఎట్లుంటదో నాకు కొత్త గాదు. నీకే కొత్త" అంది.

బయటికి పోయి చెరకు తోటలో నిలబడి వచ్చాను.

ఆగస్టు 18, సోమవారం

బస్సులో రాస్తున్నా. అక్షరాలు ఎగురుతున్నాయి.

కాగితం జేబులోనే ఉంది. సంతకం పెట్టలేదు. పెట్టనని గట్టిగా అనుకోనూ లేదు. సాక్షి లేకుండా పోతున్నాను, అక్కడ అర్జీ మూసేస్తే ఉత్త నోటి దురుసువాడిగా తిరిగి రావాలి.

పొద్దున ఊరి బస్సు స్టేజీ దగ్గర సావిత్ర. చెయ్యి పట్టుకుని అన్విత. నన్ను చూడనట్టే నిలబడింది. నేనూ చూడలేదు, పక్కన నలుగురున్నారు. బస్సెక్కి ఆధార్ చూపించి ఫ్రీ టికెట్ తీసుకుంది. ఆ ఫ్రీ బస్సు మంచి పని అని నేనే ఊళ్లో నలుగురిలో అన్నాను, అది ఎవరూ వీడియో తీయలేదు.

బోధన్‌లో దిగిపోతుందనుకున్నా. ఆస్పత్రికో, బట్టల కొట్టుకో. సావిత్రకు ఏ పనున్నా బోధన్ వరకే. బస్టాండులో దిగింది. నేను నిజామాబాద్ బస్సు దగ్గరికి పోయి వెనక సీట్లో కూర్చున్నాను. బస్సు కదిలేముందు ఇద్దరూ ఎక్కారు. ముందు సీటు.

ఎడపల్లి దాటింది.

ఎక్కడికి పోతోంది? నిజామాబాద్‌లో పెద్ద డాక్టరు దగ్గరికేమో. నర్సయ్యే పంపాడేమో, నేను ఏం చేస్తానో చూసి రమ్మని. లేక... అడగాలంటే నాలుగు అడుగులు. మా ఊరివాళ్లు ఇద్దరున్నారు బస్సులో.

అన్విత వెనక్కి తిరిగింది. నా చేతికున్న రాఖీ చూసింది. సావిత్ర దాని తల పట్టి మెల్లగా ముందుకు తిప్పింది. తను మాత్రం తిరగలేదు.

కండక్టరు అరుస్తున్నాడు, కలెక్టరేట్ దగ్గర దిగేవాళ్లు ముందుకు రండి అని.